బావమరిది పట్టిన తాడు

నేను ఒక తాడును. అడ్డతీగ నారతో మూడు పాయలుగా పేనిన తాడును. ఇప్పుడు నా పొడవు ఆరు బారలు. ఒకప్పుడు పదహారు. మిగిలిన పది బారలు నల్లమలలో ఒక మడుగు అడుగున ఉన్నాయి. అవి అక్కడికి ఎలా పోయాయో చెబుతాను.

మీరు వాడే నైలాను తాళ్ళు యంత్రం కడుపులోంచి నొప్పి తెలియకుండా బయటికొస్తాయి. నా పుట్టుక అలాంటిది కాదు. మద్దిచెట్టును చుట్టుకుని, దాని ఊపిరి సగం తీసి పైకి పాకిన తీగను గురవయ్య గొడ్డలితో నరికాడు. బెరడు ఒలిచాడు. నారను వాగులో రాళ్ళ కింద తొమ్మిది రోజులు నానబెట్టాడు. కుళ్ళేది కుళ్ళిపోయింది. కుళ్ళనిదాన్ని బండమీద వేసి కర్రతో బాదాడు. తరువాత తొడమీద పెట్టి పేనాడు.

పేనడం గురించి ఒక మాట చెప్పాలి. ఒక్కో పాయకూ కుడివైపు మెలి పెడతారు. మెలిపడినది ఏదైనా విప్పుకోవాలనే చూస్తుంది. అలా గింజుకుంటున్న మూడు పాయలను కలిపి ఈసారి ఎడమవైపు తిప్పుతారు. ఇక ఏ పాయ విడిపోవాలని గుంజుకున్నా, ఆ గుంజుడే మిగతా రెండింటినీ ఇంకా బిగిస్తుంది. నా బలమంతా అదే. మనుషుల ఇళ్ళు కూడా కొన్ని ఇలాగే నిలబడి ఉంటాయని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

గురవయ్య చెంచు. గద్దలమడుగు పక్కన నిటారుగా లేచిన కొండచరియకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటిని తీయడం అతని పని. నడుముకు నన్ను కట్టుకుని పైనుంచి దిగుతాడు. కింద మడుగు ఒడ్డున పచ్చాకు కాల్చి పొగ పెడతారు. పైన చెట్టు మొదలుకు నన్ను ఒక చుట్టు తిప్పి, రెండో కొసను ఒక్క మనిషి పట్టుకుంటాడు. ఆ మనిషి ఎప్పుడూ బావమరిదే. అన్నదమ్ములకు ఆ కొస ఇవ్వరు. అన్నదమ్ములకు పాత తగాదాలుంటాయి. బావమరిది మాత్రం వదలడు. వదిలితే ముండమోసేది అతని అక్కే.

గురవయ్య బావమరిది పేరు ఈదన్న. పొట్టివాడు. చేతులు మాత్రం రోకళ్ళలా ఉండేవి. ఒక ఏడు, తేనెకు పోయే రోజు పొద్దున, గూడెమంతా చూస్తుండగా ఈదన్న నేరుగా గురవయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బావా, మొన్న మా అక్కను ఎందుకు కొట్టినావు?"

"నా పెండ్లాము. నీకేంది?"

ఈదన్న కొట్టిన దెబ్బకు గురవయ్య ముందుపన్ను ఊడి దుమ్ములో పడింది. గురవయ్య లేచి ఈదన్న కడుపులో తన్నాడు. ఇద్దరూ దొర్లారు. ఎవరూ విడదీయలేదు. ఈదన్న అక్క బయమ్మ కూడా కుండ కడుక్కుంటూ చూసిందే తప్ప అడ్డం రాలేదు. చివరకు గురవయ్య ఆయాసపడుతూ, నెత్తురు ఉమ్మి, "ఇంక కొట్టను, పో" అన్నాడు. ఈదన్న అతని చెయ్యి పట్టి లేపాడు. ఆ చేతులతోనే నన్ను అతని నడుముకు బిగించి ముడి వేశాడు. పదిమందిలో ఒక ముసలిది, "పన్ను జాగ్రత్తగా దాచుకో గురవా, తేనెలో నంజుకోవచ్చు" అంటే అందరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నం గాలి తిరిగి, పొగ పక్కకు పోయి, తేనెటీగలు పైకి లేచాయి. ఈదన్న ముఖం నిండా కుట్టాయి. కనురెప్పలు మూతపడ్డాయి. అతను వదల్లేదు. అతని చేతులలో ఆ రోజు నాకు కోపం ఒక్క పోగంత కూడా తగల్లేదు. అదంతా పొద్దున్నే నేలమీద ఖర్చయిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఈదన్న జ్వరంతో పోయాడు. గురవయ్య మోకాళ్ళు అరిగాయి. నేను గుడిసె వాసానికి వేలాడుతూ పొగచూరిపోయాను. గురవయ్య ఇప్పుడు పట్నం నుంచి వీపున సంచులు తగిలించుకుని వచ్చేవాళ్ళకు అడవి చూపిస్తున్నాడు. మెత్తటి పరుపులు వదిలి, రెండు రోజులు రాళ్ళమీద పడుకుని, దానికి సంతోషమని పేరు పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళను నేను వాసం మీదనుంచి చాలామందిని చూశాను.

అలాగే నంద్యాల నుంచి ఇద్దరు వచ్చారు. సిమెంటు వ్యాపారం చేసే ఫణీంద్ర ఒకడు. భారీ మనిషి, పెద్ద గొంతు. రెండోవాడు అతని బావమరిది తిలక్. కాలేజీలో చెట్ల గురించి పాఠం చెబుతాడు. గద్దలమడుగుకు ఒక పూట నడక, అక్కడ ఒక రాత్రి, మళ్ళీ తిరుగు నడక. అదీ వాళ్ళ ప్రయాణం. దారిలో ఒకచోట జారుడు బండ దిగాలి గనుక గురవయ్య నన్ను వాసం మీదనుంచి దించి, చుట్టలు చుట్టి, తిలక్ భుజానికి తగిలించాడు.

భుజం మీద వేలాడేవాటికి మనిషి గుండె బాగా వినిపిస్తుంది. తిలక్ వెనకబడి నడుస్తూ, పెదవులు కదుపుతూ, ఒకే మాటను అభ్యాసం చేస్తున్నాడు. "బావా, నీతో ఒక విషయం మాట్లాడాల." తరువాత ఇంకో రకంగా. "బావా, అక్క అంతా చెప్పింది." ఆ గొణుగుడులోంచే నాకు సంగతి తెలిసింది. అతని అక్క హేమ కుడి మణికట్టు మూడు నెలల కిందట విరిగింది. మెట్ల మీద పడ్డానని అందరికీ చెప్పింది. కట్టు విప్పాక కూడా చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. పోయిన వారం తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి అసలు మాట చెప్పింది. "మెట్లు కాదు రా. మెలి పెట్టినాడు. ఇంకోసారి జరిగితే నేను బతకను. నువ్వు ఒకసారి మాట్లాడు." ఇల్లు కాని చోట, ఎవరూ లేని చోట మాట్లాడదామని తిలకే ఈ ప్రయాణం ఏర్పాటు చేశాడు.

మెలి అన్న మాట విన్నప్పుడు నా మూడు పాయలూ బిగుసుకున్నాయి. అది నాకు తెలిసిన మాట.

కానీ అతను మాట్లాడడే! ముందు నడుస్తున్న ఫణీంద్ర ఆగి, "ఏం రా, ఏమో అంటాండావు?" అని వెనక్కి తిరిగితే, తిలక్ చెయ్యెత్తి చూపించి, "అది నారేపి చెట్టు బావా" అనేవాడు. ఇంకోసారి, "ఇది బిల్లుడు." మరోసారి, "ఇది చూడు, కొండమామిడి." మడుగు చేరేసరికి అడవిలోని చెట్లన్నీ అయిపోయాయి.

గద్దలమడుగు కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. నీళ్ళు ఒకవైపు నల్లగా, లోతుగా ఉంటాయి. చరియ కింద మాత్రం మోకాటి లోతే, అడుగంతా కోసుగా ఉండే రాళ్ళు. ఫణీంద్ర చొక్కా విప్పి నీళ్ళలో దిగాడు. రాళ్ళ మధ్య చిక్కుకున్న ఒక చేపను చేత్తో పట్టి, కేక పెట్టి, బండకేసి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకు చేప చచ్చింది. అతను ఇంకో రెండుసార్లు కొట్టాడు.

ఆ రెండు దెబ్బల దగ్గర తిలక్ గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

"మీ అక్క గూడా ఇంతే రా" అన్నాడు ఫణీంద్ర నవ్వుతూ, చేప తోక పట్టుకుని ఊపుతూ. "పట్టుకుంటే జారతాది. గట్టిగా పట్టుకోవల్ల."

ఇంతకు మించిన సమయం దొరకదు. నేలమీద ఉన్నారు, ఎదురెదురుగా ఉన్నారు. తిలక్ నోరు తెరిచాడు.

"అది బొచ్చె అనుకుంటా బావా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఫణీంద్ర చరియకు వేలాడుతున్న పట్లు చూశాడు. నన్నూ చూశాడు. తాను దిగి తేనె కోస్తానని, దాన్ని ఫోనులో తియ్యాలని పట్టుబట్టాడు. గురవయ్య వద్దన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నాడు. "దీనికో పద్ధతుంది సామీ. పైన తాడు బామ్మర్దే పట్టల్ల. ఇంకొకడు పట్టగూడదు" అని ఆచారం చెప్పాడు.

ఫణీంద్ర పగలబడి నవ్వాడు. "మరి వీడెవడనుకున్నావు? నా పెండ్లాము తమ్ముడు! సొంత తమ్ముడు!"

గురవయ్య తిలక్ వైపు తిరిగాడు. "నిజమేనా సామీ? ఈయన మీ అక్క మొగుడేనా?"

"అవును."

గురవయ్య ముఖంలో బరువు దిగిపోయింది. అక్కడే పొరపాటు జరిగింది. అతను ఆ ఒక్క ప్రశ్నే అడిగాడు. ఆ ఆచారానికి సగం నేలమీద ఉంటుంది, సగం చరియమీద. నేలమీది సగం ఎవరికైనా చెప్పాల్సినదని అతనికి తోచలేదు. ఊపిరి పీల్చుకోమని ఎవరికీ చెప్పం కదా. పైగా పదేళ్ళ తరువాత తన తాడు మళ్ళీ చరియ దిగుతుందన్న మురిపెం అతని కళ్ళలో కనిపించింది. అతన్ని అనడమెందుకు, నేనూ మురిసిపోయాను. వాసానికి వేలాడే బతుకు బతుకు కాదు.

గురవయ్య ఫణీంద్ర నడుముకు నన్ను కట్టాడు. చరియ అంచున ఉన్న ఏపిచెట్టుకు ఒక చుట్టు తిప్పి, కొసను తిలక్ చేతికిచ్చాడు. ఎలా వదలాలో, ఎలా బిగించాలో నాలుగుసార్లు చేయించాడు. పొగ పెట్టడానికి కిందికి వెళ్ళాడు.

ఫణీంద్ర కాళ్ళు రాతికి తన్నిపెట్టి దిగాడు. భయపడలేదు. ఆ మనిషిలో అదొక గుణం. చరియ అంచు మీదుగా అతని బరువు దిగుతుంటే, ఇటువైపు తిలక్ అరచేతులు చల్లగా, పొడిగా ఉన్నాయి. నిన్నంతా చెమట పట్టిన చేతులవి. వాటికి ఇప్పుడు ఎక్కడి నెమ్మది వచ్చిందో అర్థమయ్యేలోపే అతను మాట్లాడాడు.

"బావా, వినపడతాందా?"

"ఆ, చెప్పు! ఇంకొంచెం వదులు, పట్టు అందడం ల్యా."

"అక్క చెయ్యి ఎట్ల విరిగింది?"

కిందినుంచి నవ్వు వచ్చింది. "ఇదేం యాళరా అడిగేదానికి? వదులు ముందు."

తిలక్ వదిలాడు. మూరెడు. ఒక్కసారిగా. ఫణీంద్ర బరువు నా నడుముమీద దబ్బున పడింది.

"ఏయ్! చెయ్యి జారిందా ఏంది?"

"జారలేదు. ఎట్ల విరిగింది?"

"మెట్ల మీద పడింది. నీకు తెల్దా?"

ఇంకో మూర. ఫణీంద్ర మోకాలు రాతికి కొట్టుకుంది. ఎముక రాతికి తగిలిన చప్పుడు నాలోంచి పైకి పాకింది.

"నీ యబ్బ! పైకి రానీ రా, నీ ఎముకలు ఇరగ్గొడతా! నీవీ, దానివీ!"

మూడో మూర. ఈసారి అతను తిరగబడి, తల కిందుగా ఊగి, చరియకు ముఖం గీసుకుపోయింది. నెత్తురు కిందికి, రాళ్ళమీదికి రాలింది. అప్పుడు ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది.

"నేనే రా! నేనే మెలి పెట్టినా! తప్పయింది. లాగు రా నాయనా, లాగు. నీ కాళ్ళు మొక్కుతా."

ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ కథను వేరేగా చెప్పేవాణ్ణి. అడిగినదానికి జవాబు వచ్చింది. అక్క కోరినది మాట్లాడమని, మాట్లాడాడు. కానీ తిలక్ నాలుగో మూర వదిలాడు.

నాలుగో మూరకు ప్రశ్న లేదు.

చచ్చిన చేపను ఇంకా రెండుసార్లు కొట్టిన చేతులు వేరు, ఇవి వేరు అని అప్పటిదాకా అనుకున్నాను. ఈ అరచేతుల్లో సన్నగా, తియ్యగా ఒక వణుకు పుట్టింది. భయపడినవాడి వణుకు కాదది. పాతికేళ్ళుగా ఎవరి ముఖంలోకీ సూటిగా చూడని మనిషి మొదటిసారి ఒకడి ప్రాణాన్ని పట్టుకుని బరువు చూసుకుంటున్నాడు. ఆ బరువు అతనికి నచ్చింది. నచ్చిందని అతనికీ తెలిసింది. తెలిసిన క్షణాన అతను "అమ్మా" అన్నాడు, ఎవరో తననే కొట్టినట్టు.

ఆ నాలుగో మూర కుదుపుకు ఫణీంద్ర మోకాలు తేనెపట్టును చీల్చుకుంటూ పోయింది.

ఈగలు లేచాయి. ముందు ఫణీంద్ర మీద నల్లగా కప్పుకున్నాయి. తరువాత చరియ మీదుగా పైకి పొంగాయి. తిలక్ చెవులు, మెడ, కళ్ళు, గోళ్ళ సందులు. చర్మం ఉన్న చోటల్లా ముల్లు దిగింది. కింద ఫణీంద్ర మాటలు లేని అరుపు అరుస్తున్నాడు. రాతి అంచున నా మూడు పాయల్లో ఒకటి తెగింది. మిగిలిన రెండూ మూలిగాయి. కిందినుంచి గురవయ్య గొంతు వచ్చింది. "ఇడవొద్దు సామీ! కండ్లు మూసుకో! ఇడవొద్దు!"

ఇప్పుడు వదిలితే ఎవరూ ఏమీ అనరు. ఈగలు కుట్టాయంటే లోకం నమ్ముతుంది, అక్క నమ్ముతుంది, కొన్నేళ్ళకు తానూ నమ్ముతాడు. వదలడానికి అంత శుభ్రమైన అవకాశం మనిషికి జీవితంలో రెండోసారి రాదు. అది తిలక్‌కు అర్థమైందని అతని వేళ్ళు ఒక్కసారి తెరుచుకోవడంలో తెలిసింది. చిటికెన వేలు, దాని పక్కది. అంతే. మళ్ళీ మూసుకున్నాయి. నన్ను ముంజేతికి రెండు చుట్లు తిప్పుకుని, చెట్టుకు కాళ్ళు తన్నిపెట్టి, వెల్లకిలా పడుకుని పట్టుకున్నాడు. ముంజేతి మీద తోలు ఊడి నా నారకు అంటుకుంది. ఎందుకు పట్టుకున్నాడో నేను చెప్పలేను. ఈదన్న చేతుల్లో ఉన్న నిబ్బరం మాత్రం వీటిలో లేదు.

ఫణీంద్ర పాకుతూ పైకి వచ్చాడు. రాతి పగుళ్ళలో గోళ్ళు ఊడిపోయాయి. అంచు ఎక్కి, కాసేపు బోర్లా పడి ఉండి, నడుముకున్న ముడి విప్పుకున్నాడు. విప్పిన కొసతోనే తిలక్‌ను కొట్టాడు. ముఖం మీద, వీపు మీద, వంగిన మెడ మీద. నేను మనిషిని కొట్టడం అదే మొదలు. తిలక్ చెయ్యి అడ్డం పెట్టలేదు. అప్పుడు ఫణీంద్ర నన్ను అతని మెడకు చుట్టి బిగించాడు. నాలోంచి ఒక గొంతు కొట్టుకోవడం, అది నెమ్మదించడం తెలుస్తోంది. తాడుకు వద్దనే శక్తి లేదు.

గురవయ్య చుట్టుదారిన ఎలా పరిగెత్తి వచ్చాడో, ఆ మోకాళ్ళతో! చేతిలో ఇంకా పొగలేస్తున్న ఆకుకట్టతో ఫణీంద్ర వీపు మీద బాదాడు. ఫణీంద్ర పక్కకు పడ్డాడు. గురవయ్య కత్తి తీసి తిలక్ మెడ దగ్గర నన్ను కోశాడు. తొడమీద పెట్టి నన్ను పేనినవాడు అతనే.

"సామీ" అన్నాడు రొప్పుతూ, "కొట్టుకునేది కింద కొట్టుకోవల్ల. అడిగేది కింద అడగల్ల. నడుముకు తాడు కట్టినాక నోరెత్తగూడదు. ఇది నీకు నేను చెప్పలేదు. ఎవరికన్నా చెప్పల్లని నాకు తెల్దు." పన్ను లేని సందులోంచి అతని ఊపిరి ఈలలా వస్తోంది.

నడుముకు కట్టుకున్నవాణ్ణి బెదిరించిన తాడును మళ్ళీ ఎవరికీ కట్టరు. గురవయ్య నా పది బారలను పోగుచేసి మడుగులోకి విసిరాడు. మిగిలిన ఆరు బారలు తిలక్ ముంజేతికి చుట్టుకుని ఉన్నాయి. విప్పబోతే వాచిన వేళ్ళు తెరుచుకోలేదు. అలా నేను అడవి దాటాను.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఇద్దర్నీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. ఇద్దరి ముఖాలూ ఒకే మాదిరి ఉబ్బి, కళ్ళు గీతలై, పెదవులు బయటికి తిరిగి ఉన్నాయి. సూది వేసే ఆమె, "అన్నదమ్ములా?" అని అడిగింది. సాయంత్రానికి హేమ వచ్చింది. మంచాల నడుమ నిలబడి, ఎవరు ఎవరో తేల్చుకోలేక కాసేపు అటూ ఇటూ చూసింది. తరువాత నన్ను పట్టుకున్న చెయ్యి చూసి తమ్ముణ్ణి గుర్తుపట్టింది.

"నీ తమ్ముడు నన్ను చంపబోయినాడు" అన్నాడు ఫణీంద్ర వాచిన నాలుకతో.

తిలక్ కాదనలేదు. మూడు మూరల సంగతీ చెప్పాడు. నాలుగోదీ చెప్పాడు. "నాకు బాగుండింది అక్కా. ఆ నాలుగోసారి. బాగుండింది."

హేమ తమ్ముడి వైపు చూసిన చూపులో జాలి లేదు. మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను మాట్లాడమన్నా. అంతే కద రా నిన్ను అడిగింది" అంది. తరువాత రెండో మంచం వైపు తిరిగింది. వార్డులో ఇరవైమంది వింటుండగా, గొంతు పెంచకుండా, "నువ్వే మెలి పెట్టినావు. నేను అందరికీ మెట్లని చెప్పినా. ఇంక చెప్పను. ఇంక నీ ఇంటికి రాను" అంది.

ఫణీంద్ర చెయ్యెత్తాడు, ఎప్పటి అలవాటుగా. ఆ చేతికి సెలైను గొట్టం కట్టి ఉంది. గొట్టం బిగుసుకుని, స్టాండు ఊగి, చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె కదల్లేదు. కొంతసేపటికి చెయ్యి దానంతట అదే దిగింది.

తిలక్ పిడికిలి విప్పింది హేమే. ఒక్కో వేలూ, నెమ్మదిగా. నెత్తురు ఎండి అట్టకట్టిన నన్ను సంచిలో వేసుకుంది. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు నేను నంద్యాలలో ఒక మేడమీద గది ముందు దండెంగా ఉన్నాను. నా మీద ఆరేవి రెండు చీరలు, ఒక తువ్వాలు, ఒక దుప్పటి. మగవాళ్ళ బట్టలు ఆరవు. ఆదివారాలు తిలక్ వస్తాడు. ముఖం వాపు పోయింది. మెడమీద నా మచ్చ మిగిలింది. నా కిందుగా నడవాల్సి వస్తే వంగి, తగలకుండా పోతాడు. అక్క పెట్టిన కాఫీ తాగుతాడు. ఆమె చాలా తక్కువ మాట్లాడుతుంది అతనితో. మానెయ్యలేదు గానీ, తక్కువ.

ఎండకూ వానకూ నేను సాగుతుంటాను. నెలకోసారి హేమ నన్ను విప్పి మళ్ళీ బిగిస్తుంది. మొన్న తిలక్, "నేను కట్టనా అక్కా?" అని లేచాడు. "కూర్చో రా" అంది. ఆమె కుడి మణికట్టు సగం వరకే తిరుగుతుంది. అందుకని ముడిని ఎడమచేత్తో వేసి, కొసను పళ్ళతో లాగుతుంది. నన్ను చాలామంది ముడి వేశారు. ఇంత వదులు ముడి ఎవరూ వెయ్యలేదు. గాలి వచ్చినప్పుడల్లా ఊడిపోతుందేమో అనుకుంటాను.

ఇంతవరకూ ఊడలేదు.